పెట్టుబడి కట్టలో పన్నెండు పట్టుచీరలు

నంద్యాలలో ఒక బట్టల షాపులో ముప్పై ఒక్క ఏళ్ళు చీరలు చూపించాను. ఈ వాక్యంలో అతిశయోక్తి లేదు, తర్వాతి వాక్యం నుంచి ఉంటుంది. నేను విప్పిన చీరలన్నీ ముడేసుకుంటూ పోతే నల్లమల కొండలకు మూడు చుట్లు చుట్టి, మిగిలిన కొంగును శ్రీశైలం డ్యాముకు పైటగా వేయొచ్చు. మడత పెట్టినవి ఇంకా ఎక్కువ, ఎందుకంటే పక్క గుమాస్తా విప్పినవి కూడా నా మీదే పడేవి. యాభై ఆరో ఏట నా మోకాళ్ళు రెండూ కూడబలుక్కుని ఓనరుకు రాజీనామా ఇచ్చాయి. వాటిని ఒంటరిగా పంపడం బాగుండదని నేనూ వెంట వచ్చేశాను.

మొన్న మా వీధి కుర్రవాడొకడు, కొత్తగా ఒక షోరూములో చేరినవాడు, బస్‌స్టాండులో కలిశాడు. ఫోనులో ఏదో కంపెనీ మిక్సీ ధరలో ఒక సున్నా మర్చిపోతే ఆరు మిక్సీలు బుక్ చేశానని చెప్పాడు. "వాళ్ళ తప్పు, నా అదృష్టం గదా అన్నా?" అన్నాడు. నేను జవాబు మొదలుపెట్టి పాతిక నిమిషాలయ్యేసరికి వాడి బస్సు వచ్చింది. వాడు ఎక్కిన తీరు చూస్తే బస్సు రాకపోయినా ఎక్కేసేవాడిలా ఉన్నాడు. మిగిలిన జవాబు ఈ పుస్తకంలో రాస్తున్నాను.

పరుపు మీద ఉద్యోగం

షాపులో పరుపు మీద కూర్చుని చీరలు అమ్మడమంటే మాటలు చెప్పడం అనుకుంటారు. కాదు. వచ్చిన ఆడవాళ్ళు చీర కొనడానికి రారు. తొంభై తొమ్మిది చీరలు వద్దనడానికి వస్తారు. నూరోది వాళ్ళకు మిగిలిపోతుంది. ఆ తొంభై తొమ్మిదింటినీ నవ్వుతూ విప్పగలిగితే మీకు ఉద్యోగం వచ్చినట్టే.

పదిమంది వస్తే మాట్లాడే మనిషికి చూపించకండి. గోడకు ఆనుకుని, నీళ్ళు తాగుతూ, ఏమీ పట్టనట్టు కూర్చున్న మనిషి ఒకామె ఉంటుంది. నిర్ణయం ఆమెది. ఇది నాకు నేర్పింది మా ఓనరు. చీర నచ్చితే మనిషి మాట్లాడటం మానేసి పక్కవాళ్ళ వైపు చూస్తుందని చెప్పిందీ ఆయనే. నా మోకాళ్ళను కర్నూలులో మంచి డాక్టరుకు చూపించి, ఆ బిల్లు ఇప్పటికీ నాకు చూపించని మనిషి. ముందుముందు ఆయన గురించి కొంచెం కటువుగా రాస్తాను. అప్పుడు ఈ మాట కూడా గుర్తుంచుకోండి.

ఇక నా వేళ్ళు. కళ్ళు మూసుకుని, కొంగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి రుద్దితే అది ధర్మవరం పట్టో సూరత్ నకిలీ పట్టో చెప్పేవాడిని. ఇంకొంచెం రుద్దితే, నేసినాయన ఆ పొద్దున టిఫిను తిన్నాడో లేదో కూడా చెప్పేవాడిని. నంద్యాల, పాణ్యం, కోయిలకుంట్ల మూడు ఊళ్ళలోనూ నా వేళ్ళకు నాకంటే ఎక్కువ గౌరవం ఉండేది.

బేరం వేరు, తప్పు వేరు

నేను నాలుగు వేలంటాను. ఆమె రెండు వేలంటుంది. నేను గుండె పట్టుకుంటాను. ఆమె చెప్పులేసుకుంటుంది. నేను వెనక్కి పిలుస్తాను. ఇద్దరం రెండు వేల ఎనిమిది వందల దగ్గర, ఎవరికి వాళ్ళం గెలిచామనుకుని, విడిపోతాం. ఇందులో నా అబద్ధాలు పదిహేను ఉంటాయి, ఆమెవి ఇరవై. అయినా ఇది మోసం కాదు. ఎందుకంటే ఇద్దరికీ ఆట తెలుసు.

ధర చీటీ తప్పుపడితే మాత్రం ఆట తెలిసింది ఒక్కరికే. రెండో మనిషికి తాను ఆటలో ఉన్నట్టు కూడా తెలియదు. తేడా అంతా అక్కడే ఉంది. ఇంత చిన్న సంగతి నేర్చుకోవడానికి నాకు ఇరవై ఆరేళ్ళు, ఒక బొటనవేలు పట్టాయి.

బొటనవేలికి కట్టు

నా సర్వీసులో ఇరవై ఆరో ఏడు, శ్రావణమాసం. షాపులో మనుషులు ఎంతమంది అంటే, ఊపిరి పీల్చడానికి కూడా టోకెను తీసుకోవాలి. ఒకే పొద్దున రెండు సరుకులు దిగాయి. ఒకటి ధర్మవరం నుంచి వచ్చిన తేలికరకం పట్టు. ఇంకొకటి సూరత్ నుంచి పెట్టుబడి చీరలు, అంటే పెళ్ళిలో చుట్టాలకు పెట్టడానికి కట్టలకు కట్టలు కొనేవి. సూరత్‌వాళ్ళు ఆ ధర్మవరం రంగునూ అంచునూ ఎంత బాగా దించారంటే, పక్కపక్కన పెడితే అసలుదే నకిలీదానిలా సిగ్గుపడుతోంది.

ఆ పార్శిళ్ళు కోస్తూ బొటనవేలు కోసుకున్నాను. కాంపౌండరు దానికి ఎంత కట్టు కట్టాడంటే, వేలు తలపాగా చుట్టుకున్న పెళ్ళికొడుకులా తయారైంది. ఆ కట్టుతో ఏం ముట్టుకున్నా దూదిలాగే ఉంటుంది. వేరే గుమాస్తాను పిలిచి చూపించొచ్చు. కానీ మూడు ఊళ్ళలో పేరున్న వేళ్ళు ఇంకొకరి వేళ్ళను సాయమడుగుతాయా? ముట్టుకున్నాను, తల పంకించాను, చీటీలు అంటించాను. మా షాపులో పట్టుకు చీర చీరకూ చీటీ ఉండేది. పెట్టుబడి చీరలకు పన్నెండింటి కట్టకు పైన ఒక్కటే చీటీ. పన్నెండు పట్టుచీరలు పెట్టుబడి కట్టైపోయాయి, పన్నెండు సూరత్ చీరలు పట్టు అలమారలోకి ఎక్కాయి.

మర్నాడు ఆళ్ళగడ్డ నుంచి రామలక్షుమ్మ వచ్చింది. పాతకాలం రైతు కుటుంబం, కొడుకు పెళ్ళి, వ్యాను నిండా పదకొండుమంది ఆడవాళ్ళు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని నీళ్ళు తాగే మనిషి. ఇరవై ఏళ్ళుగా నా దగ్గరే కొంటోంది. ఐదు కట్టలు తీయించింది. ఒక కట్ట మీద చెయ్యేసి ఆగింది. నా కట్టు వైపు చూసింది. తర్వాత నా మొహం వైపు.

"ఇవి బాగుండాయే ఓబులేసూ" అంది.

"మన షాపులో బాగలేనివి యాడుంటాయక్కా?" అన్నాను, ఛాతీ విరుచుకుని.

చీర మూడు వందల ఎనభై చెప్తే మూడు వందల యాభైకి దించి మరీ తీసుకుపోయింది. పట్టుచీర మీద!

అదే సాయంత్రం పాణ్యం నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. పేరు కరుణమ్మ. నెలాఖరుకు రిటైరవుతోంది, బళ్ళో సన్మానానికి ఒకటి, చర్చికి ఒకటి, రెండు పట్టుచీరలు కావాలంది. "నిజంగా పట్టేనా అప్పా? నాకు తెలీదు, నిన్ను నమ్మి తీసుకుంటాండా" అంది. కట్టున్న చెయ్యిని గుండె మీద పెట్టుకున్నాను. "ఈ చెయ్యి చెప్తాంది టీచరమ్మా, పట్టే" అన్నాను. ఒక్కోటి నాలుగు వేల రెండు వందలు. ఆమె బేరమాడలేదు.

నాలుగో రోజు కట్టు విప్పారు. మర్నాడు పొద్దున్నే పట్టు అలమారలో చెయ్యి పెట్టాను, వేళ్ళకు సూరత్ తగిలింది. ఆ క్షణంలో నా కాళ్ళ కింద భూమి కదిలింది, పై అంతస్తులో చీరలు కట్టి నిలబెట్టిన బొమ్మలు కూడా కూర్చున్నాయి.

ఓనరుకు చెప్పాను. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఆళ్ళగడ్డకు పో. ఆ పన్నెండూ తీసుకొనిరా. అవి లేకుండా వచ్చినావంటే పరుపెక్కొద్దు."

"పాణ్యం టీచరమ్మ సంగతేందన్నా?"

"ఆమె వచ్చి అడిగిందా?"

"లేదు."

"మళ్ళ ఏందీ?" అన్నాడు, వేరే కస్టమరు వైపు తిరుగుతూ.

రంగు పోయింది ఎవరిది

ఆళ్ళగడ్డ బస్సులో నేను చక్కటి అబద్ధం ఒకటి తయారుచేసుకున్నాను. "ఆ కట్టలో రంగు నిలవదని కంపెనీవాళ్ళు ఫోను చేసినారు. మీ పేరు పోకూడదని మంచివి మార్చిస్తాం" అని చెప్పాలి. ఎంత మంచి అబద్ధమంటే, బస్సు దిగేసరికి నేనే నమ్మి కంపెనీవాళ్ళ మీద కోపగించుకుంటున్నాను.

వాళ్ళ ఇంటి వెనక వీధిలో రాళ్ళు చెక్కే చప్పుడు టకటకమంటోంది. వరండాలో రామలక్షుమ్మ చీరలన్నీ పరిచి, ఒక్కోదాని మీద చుట్టాల పేర్లున్న చీటీలు పెడుతోంది. ఆ పన్నెండూ విడిగా, ఒక తెల్ల తువ్వాలు మీద ఉన్నాయి. వాటి మీద ఏ పేరూ లేదు.

"రాప్పా ఓబులేసూ. ఎండలో ఇట్లొచ్చినావ్, ఏంది కత?"

చెప్పాను. కంపెనీ, ఫోను, రంగు, వాళ్ళింటి పేరు, అన్నీ చెప్పాను. ఆమె అంతా అయ్యాక లోపలికి కేకేసింది.

"అమ్మీ, చెంబుతో నీళ్ళు తే."

నాకు తాగడానికేమో అనుకున్నాను. ఆ పన్నెండింట్లో ఒకదాని కొంగు తీసి చెంబులో ముంచింది. పిండింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఇంకోసారి ముంచింది. ఆ నీళ్ళతో దేవుడికి అభిషేకం చేయొచ్చు.

"రంగు పోలేదే" అంది. "నీ మొగానిదే పోతాంది."

తర్వాత కొంగు కుచ్చులో ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి అంటించింది. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. పట్టుకు వచ్చే వాసన అది. నా ముక్కుకు పట్టుకుని చూపించింది.

"నాకు ఆడ చెయ్యేస్తానే తెల్సింది. తెల్సే తీసుకున్యా. ఇరవై ఏండ్లు మీరు నా దగ్గర తిన్యారు, ఒకసారి నేను తింటే ఏమైతాదిలే అనుకున్యా."

"అక్కా, అది బేరమక్కా. నువ్వు కూడా తిన్యావు. ఒకసారి నాతో చీరకు తోడు జాకెట్టు, లంగా, సంచి, కూల్‌డ్రింకు కూడా పెట్టించుకొని పోయినావ్. ఇది బేరం కాదు, నా తప్పు. నా వేలికి కట్టుండె, చూసుకోలేదు. ఇవి లేకుండా పోతే ఉద్యోగం లేదు."

"ఇట్ల చెప్పు మళ్ళ! దీనికి కంపెనీవాళ్ళను ఎందుకు లాగుతావ్?" అంది. చీరల వైపు చూసింది. "మూడు రోజులు ఆయె. వీటి మీద ఎవరి పేరు రాద్దామన్నా చెయ్యి రాలేదు. మంచిది గదా అని చిన్నాడబిడ్డకు పెడదామనుకుంటే, ఇది దొంగది గదా అనిపిస్తాది."

నేను కట్ట కోసం చెయ్యి చాపాను. ఆమె తువ్వాలు తన వైపు లాక్కుంది.

"నిలబడు. ఒక్కటి చెప్పు. ఈ తప్పులో లాభం మీ దిక్కు పడింటే, ఇట్లనే ఎండలో బస్సెక్కి వచ్చింటావా?"

నా నోరు ఇరవై ఆరేళ్ళలో భోజనానికి కూడా ఆగలేదు. ఆ రోజు ఆగింది. వెనక వీధిలో రాయి చెక్కే చప్పుడు మాత్రం ఆగలేదు.

"ఎవురు?" అంది ఆమె.

టీచరమ్మ సంగతి మొత్తం చెప్పాను, గుండె మీద చెయ్యితో సహా.

రామలక్షుమ్మ చెంబులో నీళ్ళు వాకిట్లో పారబోసింది. "రేపు పొద్దున పది గంటలకు పసుపు పెడతాం" అంది.

బట్టలమ్మే ప్రతి ఒక్కరికీ ఆ మాటకు అర్థం తెలుసు. పెళ్ళికి పెట్టే కొత్త చీరల మూలలకు పసుపు రాస్తారు. ఒక్కసారి రాశాక దాన్ని ఏ షాపూ వెనక్కి తీసుకోదు, ఏ మనిషీ వెనక్కి అడగడు.

"ముందు ఆ టీచరమ్మ దుడ్లు ఆమెకిచ్చిరా. ఇచ్చినావని నాకు తెలియాల. పది లోపల వస్తే ఇవి నీవి. రాకపోతే ఒక్కోదానికి ఒక్కో పేరు రాసి పసుపు పెట్టేస్తా. అప్పుడు నాకు పాపమొస్తే మీ ఓనరుకు సగం పంపిస్తా."

పాణ్యం

నంద్యాలకు వచ్చి ఓనరుకు చెప్పాను. ఆయన లెక్క సూటిగా ఉంది. "పోయిన సరుకు నాది, తెచ్చుకుంటా. వచ్చిన దుడ్లు అడగని మనిషికి ఎందుకియ్యాల? చీటీ మార్చింది నీ వేలు. నీ వేలునే ఇయ్యమను."

వేళ్ళకు విడిగా జీతం ఉండదు. ఇంటికి పోయాను. మా ఇంటామె తన తమ్ముడి గృహప్రవేశానికి పట్టుచీర కొనుక్కోవాలని ఏడాదిగా బియ్యం డబ్బాలో దాచిన డబ్బుంది. ఇరవై ఆరేళ్ళు పట్టుచీరలు అమ్మినవాడి పెళ్ళానికి ఒంటి మీద పట్టు లేకపోవడం మా వీధిలో అందరికీ తెలిసిన తమాషా. విషయం చెప్పి నిలబడ్డాను. ఆమె నన్ను తిట్టిన తిట్లు రాస్తే ఈ పుస్తకం రెండు సంపుటాలవుతుంది. తిడుతూనే డబ్బాలో చెయ్యి పెట్టింది. బియ్యం అంటిన నోట్లు నా చేతిలో పెట్టి, "టీచరమ్మ బేరం కూడా ఆడలేదంటివి. పో, బిరీన పో" అంది.

పాణ్యంలో టీచరమ్మ గుమ్మంలోనే ఆపేసింది. వెనక తీగ మీద రెండు చీరలు వేలాడుతున్నాయి. మొదటి ఉతుకుకే మెరూన్ రంగు ఆకుపచ్చలోకి పోయి, అంచు పొడవునా వర్షంలో తడిసిన గోడ పత్రికలా ఉంది.

"ఏమప్పా, ఇంకో రెండు అమ్మడానికి వచ్చినావా?" అంది.

"లేదు టీచరమ్మా. తప్పు చేసినాను. ఇది మీ డబ్బు."

లెక్కపెట్టలేదు. చేతిలో పట్టుకుని నిలబడింది. "ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు పాఠం చెప్పినా. ఒక చీర చూసుకోలేకపోయినానే అని రెండు రోజులాయె, నా మీద నాకే సిగ్గు. మోసపోయినానని స్టాఫ్‌రూములో కూడా చెప్పుకోలేదు" అంది.

అమ్మకంలో జరిగిన తప్పు డబ్బుతో ఆగుతుందనుకునేవాడిని. అది ఒక మనిషిని తన తెలివి మీద తనకే నమ్మకం పోయేలా చేస్తుందని ఆ గుమ్మంలో తెలిసింది. కుర్రవాళ్ళూ, ఈ పుస్తకంలో ఇంకేం మర్చిపోయినా ఇది మర్చిపోకండి.

"మీరు కాదు టీచరమ్మా సిగ్గుపడాల్సింది. ఈ వేలు" అని బొటనవేలు చూపించాను. ఆమె దాన్ని హోంవర్కు దిద్దినట్టు పరీక్షించి, నవ్వింది.

సాక్ష్యం కోసం రామలక్షుమ్మకు వీడియో కాల్ చేసి ఫోను టీచరమ్మకిచ్చాను. ఒక్క నిమిషం పని. ఇద్దరూ నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. నా వేలు ఐదు నిమిషాలు, మా ఓనరు ఐదు నిమిషాలు, మిగిలిన అరగంట వాళ్ళ మోకాళ్ళు. చివరికి టీచరమ్మకు పెళ్ళి పిలుపు కూడా వచ్చింది. నాకు రాలేదు.

పాడైన రెండు చీరలూ టీచరమ్మ నాకే ఇచ్చేసింది.

పది లోపల

మర్నాడు పన్నెండు సూరత్ చీరలు చంకలో పెట్టుకుని, తొమ్మిదిన్నరకు ఆళ్ళగడ్డలో దిగాను. వరండాలో పళ్ళెం నిండా పసుపు కలిపి ఉంది. ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. నేను తెచ్చినవి అప్పగించాను. రామలక్షుమ్మ పదకొండు పట్టుచీరలు తువ్వాలులో మూటగట్టి నా చేతిలో పెట్టింది. పన్నెండోది తన ఒడిలో ఉంచుకుంది.

"ఇది కోడలికి. దీనికి ధర కట్టి ఇస్తా. ఎంత?"

"నాలుగు వేల రెండు వందలక్కా."

"రెండు వేలు."

"అక్కా! నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగం మూటలో ఉంది. ఇది బేరం" అంది. చూపుడువేలు పసుపులో ముంచి, చీర మూలకు అంగుళం దూరంలో నిలబెట్టింది. "చెప్తావా, పెట్టేదా?"

నా ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఎన్నో బెదిరింపులు చూశాను. చెప్పులేసుకున్నవాళ్ళు, పక్క షాపులోకి నాలుగడుగులు వేసినవాళ్ళు, పిల్లల్ని ఏడిపించినవాళ్ళు. పసుపు వేలు పెట్టి బెదిరించిన మనిషి ఆమె ఒక్కతే. మూడు వేల ఐదు వందలన్నాను. వేలు అరంగుళం దిగింది. మూడు వేల రెండు వందలన్నాను. మూడు వేలు అన్నాను. వేలు చీర మీద వాలింది. ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. ఇద్దరికీ ఆట తెలుసు.

షాపులో ఓనరు పదకొండు చీరలూ చూశాడు. మూడు వేలు తీసుకున్నాడు. "ఇంత తక్కువకు ఇచ్చినావేంది?" అని కసిరాడు. పరుపు వైపు తల ఊపాడు. నేను ఎక్కి కూర్చున్నాను. టీచరమ్మకు ఇచ్చిన డబ్బు గురించి ఆయన ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. ఆయన మంచివాడే. ఆ ఒక్క చోట మాత్రం తప్పు చేశాడు. ఆయన చదువుతాడని తెలిసే ఇది రాస్తున్నాను.

గృహప్రవేశానికి మా ఇంటామె టీచరమ్మ తిరిగిచ్చిన రెండింట్లో ఒకటి కట్టుకుంది, ఆకుపచ్చలోకి మెరూన్ పారినది. నేను వద్దన్నాను. వినలేదు. భోజనాల దగ్గర తమ్ముడి భార్య కొంగు పట్టుకుని చూసి, మూతి తిప్పి, "ఎంత పెట్టినావు వదినా దీనికి?" అని అడిగింది.

"నాలుగు వేల రెండు వందలు" అంది మా ఇంటామె, అందరికీ వినబడేలా, నా వైపు ఒక్కసారి చూసి. "మా ఆయన దగ్గరుండి తీసిచ్చినాడు."

ఆమె చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నేను ఇంకో లడ్డు వేయించుకున్నాను.